వంటింటి ఫాల్స్ సీలింగ్ తీసేయాలి: పైన ఏముందో తెలియకుండా మొదలుపెట్టొచ్చా?

హూడి_ఫ్లాటు

నమస్తే అండీ. బెంగళూరు, హూడి దగ్గర అపార్ట్‌మెంటు, 5వ అంతస్తు. వంటిల్లు 10 × 9 అడుగులు. జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగ్ 8 అడుగుల 4 అంగుళాల ఎత్తులో ఉంది. పక్కన యుటిలిటీలో సీలింగ్ లేదు, అక్కడ కొలిస్తే స్లాబు 9 అడుగుల 7 అంగుళాలు. అంటే పైన 15 అంగుళాల ఖాళీ ఉంది. సీలింగ్ బోర్డులో పొదిగిన ఆరు లైట్లు (డౌన్‌లైట్లు) ఉన్నాయి. చిమ్నీ గొట్టం సీలింగ్ మీదుగా యుటిలిటీ వైపు బయటికి పోతుంది. అటక తలుపులు సీలింగ్‌కు ఆనుకుని ఉన్నాయి. పైపు గ్యాస్ ఉంది.

సీలింగ్ మొత్తం తీసేసి స్లాబుకే రంగు వేయించి, కొత్త లైట్లు పెట్టించాలని ఉద్దేశం. కాంట్రాక్టరు "ఒక్క రోజు పని, కొట్టేస్తే పోతుంది" అంటున్నాడు. కొట్టే ముందు ఏమేం చూడాలి? ఏ పని ముందు, ఏది తరవాత? తీశాక స్లాబుకు ఎంత పని పడుతుంది?

సైటు_ఇంజనీరు

కొట్టడం ఒక్క రోజే, నిజమే. తరవాత పనికి వారం పడుతుంది. ఆ వారంలో ఖర్చు ఎంతన్నది ఇప్పుడు మీకు కనబడని ఆ 15 అంగుళాల్లోనే ఉంది. అందుకని ముందు చూడండి, తరవాత రేటు మాట్లాడండి.

చూడటానికి ఏమీ పగలగొట్టక్కర్లేదు. కరెంటు ఆపి ఒక డౌన్‌లైటును మెల్లగా కిందికి లాగండి. రెండు వైపులా స్ప్రింగు రెక్కలుంటాయి, వేళ్లు తప్పించకపోతే గట్టిగా కొడతాయి. ఆ కన్నంలోంచి ఫోను దూర్చి, ఫ్లాష్ వేసి, నాలుగు వైపులా మెల్లగా తిప్పుతూ వీడియో తీయండి. ఆరు కన్నాల్లోనూ తీయండి. ఒక్క దాంట్లోంచి చూస్తే బీము వెనక ఉన్నది కనబడదు.

వీడియోలో వెతకాల్సినవి: స్లాబుకు ప్లాస్టరింగ్ ఉందా, సెంట్రింగ్ (స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే అచ్చు షీట్లు) గీతలతో పచ్చి కాంక్రీటేనా? గోధుమరంగు మరకలు, తుప్పు చారలు ఉన్నాయా? పై ఫ్లాటు మురుగు పైపులేమైనా వేలాడుతున్నాయా? స్ప్రింక్లర్ (మంట వస్తే నీళ్లు చిమ్మేది) పైపు, గ్యాస్ పైపు అందులోంచి పోతున్నాయా? వైర్లు పైపులో ఉన్నాయా, ఊరికే పడున్నాయా?

గోడల పైభాగం కూడా చూడండి. చాలామంది లెక్కలో మరిచిపోయేది ఇదే. టైల్సు, ప్లాస్టరింగ్ సీలింగ్ మట్టానికి కాస్త పైదాకా వేసి ఆపేస్తారు, ఆ పైన ఇటుకో బ్లాకో అలాగే ఉంటుంది. మీ వంటింటి చుట్టుకొలత 38 అడుగులు, ఎత్తు 15 అంగుళాలు, అంటే దాదాపు 48 చదరపు అడుగుల గోడ. స్లాబు 90. కాంట్రాక్టరు 90కే రేటు చెప్పుంటే ఆ 48 అడుగుల పని తరవాత "ఎక్స్‌ట్రా" కింద వస్తుంది.

ఇక తీసే పద్ధతి. సుత్తితో కొట్టనివ్వకండి. 12.5 మి.మీ. బోర్డు చదరపు మీటరుకు తొమ్మిది కిలోల దాకా తూగుతుంది, మీ గదికి సుమారు 75 కిలోలు. కొడితే పెద్ద పెంకులుగా విరిగి గట్టు గ్రానైటు మీద, స్టవ్ గాజు మీద పడుతుంది.

ముందు రోజే ఫ్రిజ్ బయట పెట్టండి. గట్టు మీద దుప్పటి, దాని మీద ప్లైవుడ్ ముక్క వేయండి. సింకు కన్నంలో గుడ్డ కుక్కి పైన టేపు అంటించండి. బోర్డు పొడి నీళ్లతో కలిసి సింకు కింది వంపు పైపులో (ట్రాపు) ముద్దగా పేరుకుంటే ఆ పైపు విప్పాల్సిందే. హాలు వైపు గుమ్మానికి పాలిథీన్ షీటు కట్టి, యుటిలిటీ కిటికీ తీసి పెట్టండి.

తరవాత కట్టరుతో గది చుట్టూ, సీలింగ్ గోడను తాకే చోట, లప్పం గీత తెగేలా ఒక కోత వేయించండి. ఆ కోత లేకుండా లాగితే గోడ రంగు, ఒక్కోసారి పై వరస టైలు అంచు కూడా ఊడొస్తాయి. అటక తలుపుల పై పట్టీని సీలింగ్ సెక్షన్‌కు (బోర్డును బిగించే లోహపు పట్టీ) స్క్రూలతో బిగించి ఉంటారు, అవి ముందే విప్పాలి. లేదంటే ఫ్రేము వంకరపోయి అటక తలుపులు మళ్లీ కూర్చోవు.

ఇప్పుడు లైటు కన్నం దగ్గర మొదలుపెట్టి, చిన్న జిప్సం రంపంతో రెండడుగుల ముక్కలుగా కోస్తూ దించాలి. ఒకరు నిచ్చెన మీద, ఒకరు కింద అందుకోవడానికి. రంపం మొన అంగుళానికి మించి పైకి పోకూడదు, పైన వైర్లుంటాయి. సెక్షన్లు సుమారు అడుగున్నరకు ఒకటి, స్క్రూలు 9 అంగుళాలకు ఒకటి ఉంటాయి. స్క్రూ తలలు లప్పం కింద కనబడవు, వాటిని వెతుక్కుంటూ కూర్చోకుండా వాటి మధ్య కోయడమే మేలు.

బోర్డంతా దిగాక ఫ్రేము. సీలింగ్ సెక్షన్లు క్లిప్పులు విప్పితే వస్తాయి, ఆ తరవాత వాటిని మోసే ఇంటర్మీడియట్ ఛానళ్లు, చివరికి గోడ చుట్టూ ఉన్న పెరిమీటర్ ఛానల్. జీ.ఐ. (జింకు పూత ఉన్న ఇనుము) అంచులు బ్లేడులా కోస్తాయి, గుడ్డ గ్లోవ్స్ చాలవు, తోలువి కావాలి. మాస్కు ఎన్95.

స్లాబులో మిగిలే యాంకర్ బోల్టులు మీ గదిలో ఆరు నుంచి తొమ్మిది ఉండొచ్చు. వాటిని లాగి ఊడదీయొద్దు, చుట్టూ కాంక్రీటు గరాటు ఆకారంలో ఊడొస్తుంది. నట్టు తీసి, 4 అంగుళాల గ్రైండరుతో స్లాబు మట్టానికి కోసి, కోసిన మొహానికి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూసి, పైన లప్పం పెట్టాలి. రెడాక్సైడ్ వదిలేస్తే వానాకాలం తిరిగేసరికి రంగులోంచి తుప్పు చుక్క కనబడుతుంది.

వైరింగ్_పని

పైన చెప్పినదానికి కరెంటు సంగతి కలుపుతున్నా, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇదే.

మెయిన్ ఎంసీబీ దించితే సరిపోదు. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే వంటింటి లైట్లు చాలావరకు ఆ లైన్లోనే ఉంటాయి. మెయిన్ పోగానే ఇన్వర్టరు అందుకుంటుంది, వైర్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. అపార్ట్‌మెంటు జనరేటరు బ్యాకప్ వేరే లైనుగా వచ్చి ఉంటే అదీ ఇంతే. కాబట్టి మెయిన్ దించండి, ఇన్వర్టరు స్విచ్చి ఆపి దాని అవుట్‌పుట్ లైను విడదీయండి, ఆ తరవాత సీలింగ్‌లోని ప్రతి వైరునూ టెస్టరుతో చూడండి. ముందు ఆ టెస్టరును పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందని నిర్ధారించుకోవాలి. వెలగని టెస్టరుతో చూస్తే అన్ని వైర్లూ చచ్చినట్టే కనబడతాయి.

డౌన్‌లైట్ల వెనక చిన్న డబ్బాలు డ్రైవర్లు, లైటుకు తగ్గ కరెంటు ఇచ్చేవి. లైటుతో పాటే తీసి జతలుగా కట్టి పెట్టండి. ఒకదాని డ్రైవరు వేరేదానికి తగిలిస్తే లైటు మాడిపోవచ్చు.

ఇక కొత్త లైట్లు. ఫాల్స్ సీలింగ్ వేయకముందు బిల్డరు స్లాబులోనే ఒక లైటు పాయింటు, కుదిరితే ఫ్యాను పాయింటు ఇచ్చి ఉంటాడు. గుండ్రటి డబ్బా ఒకటి స్లాబు మట్టానికి కనబడుతుంది, వైర్లు దాంట్లోంచే దిగి ఆరు లైట్లకు పంచుకుపోయి ఉంటాయి. ఆ డబ్బా దొరికితే మీ పని సగం అయినట్టే. అక్కడినుంచి 20 మి.మీ. పీవీసీ పైపు స్లాబు మీదే క్లాంపులతో నడిపించండి, దానికీ స్లాబు రంగే వేస్తే కంటికి ఆనదు. లైట్లకు 1.5 చదరపు మి.మీ. వైరు చాలు. జాయింట్లన్నీ జంక్షన్ బాక్సులో, కనెక్టరుతో ఉండాలి. నల్ల టేపు చుట్టిన పాత జాయింటు ఒక్కటి కూడా మిగల్చొద్దు. వంటింటి వేడికి ఆ టేపు జిగురు కరిగి విడిపోతుంది.

స్లాబును మాత్రం చెక్కనివ్వకండి. "గాడి కొట్టి వైరు దాచేద్దాం సార్" అంటారు. స్లాబులో చువ్వల మీద ఉండే కాంక్రీటు కవరు 20 మి.మీ. మాత్రమే. 20 మి.మీ. పైపు దాచాలంటే ఆ కవరు మొత్తం పోతుంది. లైటు బిగించడానికి 6 మి.మీ. డ్రిల్లు, 30 మి.మీ. లోతు చాలు. డ్రిల్ బిట్టుకు మొన నుంచి 30 మి.మీ. కొలిచి అక్కడ టేపు చుట్టండి, టేపు స్లాబును తాకగానే ఆపాలి. కొత్త టవర్లలో కొన్నిచోట్ల పోస్ట్ టెన్షన్ స్లాబులుంటాయి, లోపల లాగి బిగించిన కేబుళ్లు. మీది అలాంటిదైతే ఎంత లోతు అనుమతో అసోసియేషన్‌ను అడిగి లిఖితంగా తీసుకున్నాకే డ్రిల్లు పట్టుకోవాలి.

గట్టు మీద వెలుతురు కావాలంటే స్లాబు లైటు మీద ఆధారపడకండి. 9 అడుగుల 7 అంగుళాల నుంచి వచ్చే వెలుతురుకు మీ తలే అడ్డు. కబోర్డు అడుగున 4000 కెల్విన్ ప్రొఫైల్ లైటు పెట్టండి, కూరగాయలు తరిగే చోట నీడ పడదు.

గ్యాస్_ఫైర్_సేఫ్టీ

రెండే మాటలు.

పైపు గ్యాస్ అంటే మీథేన్, గాలికన్నా తేలిక. కారితే పైకి పోయి ఫాల్స్ సీలింగ్ మీది ఖాళీలో చేరుతుంది. సిలిండరు గ్యాస్ దీనికి తలకిందులు, బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. మీ గ్యాస్ పైపు సీలింగ్ లోపలినుంచి పోతుంటే దాన్ని అలా మూసి ఉంచడమే తప్పు. సీలింగ్ తీయడం ఆ రకంగానూ మంచిదే. పని మొదలయ్యే ముందు మీటరు దగ్గరి వాల్వు మూసేయండి. పైపుకు ఫ్రేము తగిలి ఉంటే కాంట్రాక్టరు ముట్టుకోకూడదు, గ్యాస్ కంపెనీ మనిషి రావాలి. తరవాత లీకేజీ అలారం పెడితే స్లాబుకు అడుగులోపు ఎత్తులో పెట్టండి. సిలిండరు వాడేవాళ్లు నేలకు అడుగులోపు పెట్టాలి.

స్ప్రింక్లర్ ఉంటే ఆ పైపులో ఎప్పుడూ ఒత్తిడితో నీళ్లుంటాయి. నిచ్చెన తగిలి స్ప్రింక్లర్ తల (నీళ్లు చిమ్మే మొన) విరిగితే వంటిల్లే కాదు, కింది ఫ్లాటూ తడుస్తుంది. అసోసియేషన్‌కు చెప్పి ఆ జోన్ వాల్వు మూయించి నీళ్లు దించాకే పని. సీలింగ్ తీసేశాక ఆ స్ప్రింక్లర్ తలను అక్కడే 15 అంగుళాల కింద వేలాడనివ్వకండి. మంట వేడి ముందు స్లాబు కింద చేరుతుంది, తల అంత కిందుంటే ఆలస్యంగా పగులుతుంది. స్లాబుకు అడుగులోపు ఉండేలా నిలువు పైపు కురచ చేయించాలి.

హూడి_ఫ్లాటు

చాలా థాంక్సండీ. ఆరు కన్నాల్లోంచీ వీడియో తీశాను. కనబడినవి ఇవి: స్లాబు పచ్చి కాంక్రీటు, సెంట్రింగ్ షీట్ల గీతలున్నాయి. గోడలు సీలింగ్ పైన రెండంగుళాల దాకా ప్లాస్టరింగ్, ఆ పైన ఖాళీ బ్లాకులు. స్ప్రింక్లర్ లేదు. గ్యాస్ పైపు బయటే ఉంది. మధ్యలో గుండ్రటి డబ్బా ఒకటి కనబడింది. చిమ్నీ గొట్టం మడతల అల్యూమినియందే, మధ్యలో జారి బొజ్జలా వేలాడుతోంది. యుటిలిటీ వైపు మూలలో పై ఫ్లాటు 75 మి.మీ. పీవీసీ పైపు ఒకటి స్లాబులోంచి దిగి మూడడుగులు అడ్డంగా పోతోంది. అది స్లాబులోంచి దిగే చోట అరచేయంత గోధుమరంగు వలయం ఉంది. దీన్నేం చేయాలి?

సైటు_ఇంజనీరు

ఆ వలయం తేలేదాకా సీలింగ్ తీసే తేదీ ఖాయం చేయకండి. అది పై వాళ్ల యుటిలిటీ నహానీ ట్రాపు (నేల మీది నీళ్లు పోయే కన్నం) నుంచి వచ్చే పైపు అయ్యుంటుంది. మరక పాతదా, ఇప్పటిదా అన్నది ముందు ప్రశ్న.

పెన్సిలుతో మరక అంచు చుట్టూ గీత గీయండి, తేదీ వేయండి. పై వాళ్లను అడిగి వాళ్ల ట్రాపులో రంగు కలిపిన నీళ్లు రెండు బకెట్లు పోయించి, రెండు మూడు గంటలయ్యాక పైపు మొదట్లో తెల్ల టిష్యూ అద్ది చూడండి. రంగు అంటితే జాయింటు కారుతోంది. రంగు రాకపోయినా తడి తగిలితే నీళ్లు ట్రాపులోవి కావు, టైల్సు సందుల్లోంచి దిగి పైపు పక్కనుంచి వస్తున్నాయి. మొదటిదైతే ప్లంబరు పని, రెండోదైతే పై వాళ్ల నేలకు వాటర్‌ప్రూఫింగ్. రెండూ పైనుంచే చేయాలి. కిందినుంచి ఏ కెమికల్ పూసినా నీళ్లు పక్కకు తిరిగి ఇంకోచోట దిగుతాయి. వారం గడిచినా గీత దాటకపోతే పాత మరకే.

మరక చుట్టూ సుత్తి పిడితో తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే, లేదా చువ్వ వెంట సన్నటి పగులు ఉంటే, లోపల తుప్పు ఉబ్బి కవరును తోసేస్తోంది. అక్కడ వదులుగా ఉన్న కాంక్రీటు తీసేసి, చువ్వను వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. దాని మీద నేరుగా లప్పం పెట్టేస్తే ఆరు నెలల్లో పెచ్చు ఊడి వంటలో పడుతుంది.

పైపును అక్కడినుంచి మార్చడం మీ చేతిలో లేదు. అందుకే నా సలహా: సీలింగ్ మొత్తం తీయకండి. యుటిలిటీ వైపు గోడ వెంట రెండడుగుల వెడల్పు ఫాల్స్ సీలింగ్‌ను పెట్టెలా మిగలనివ్వండి, మిగతా 7 అడుగులూ స్లాబుదాకా ఎత్తు వస్తుంది. ఆ పెట్టెలో 18 × 18 అంగుళాల తలుపు ఒకటి, సరిగ్గా ఆ జాయింటు కింద పెట్టించండి. రేపు ఏం కారినా కోయకుండా చూడొచ్చు. పాత ఫ్రేము మీదే వేలాడదీయకుండా దానికి కొత్త హ్యాంగర్లు, అంచుకు కొత్త ఛానల్ వేయాలి. బోర్డు పచ్చ కాగితం ఉండే తేమ నిరోధక రకం తీసుకోండి.

మాడ్యులర్_కిచెన్

పెట్టె మిగల్చడం నాకూ నచ్చింది. చిమ్నీ గొట్టం కూడా దాంట్లోకే పోతుంది, కానీ ఆ బొజ్జ మాత్రం ఉండకూడదు. గొట్టం జారిన చోట నూనె చేరుతుంది, గాలి దారి సన్నబడుతుంది, చప్పుడు పెరుగుతుంది. పాతది తీసేటప్పుడు రెండు చివరలూ ముందే ప్లాస్టిక్ సంచితో కట్టండి. లేదంటే అందులోని నల్ల జిడ్డు కొత్తగా కడిగిన గట్టు మీద కారుతుంది.

కొత్తగా వేసేది 6 అంగుళాల గట్టి లోహపు గొట్టమే కావాలి. 6 నుంచి 4 అంగుళాలకు తగ్గించే రిడ్యూసరు ఎవరు సూచించినా ఒప్పుకోకండి, వైశాల్యం సగానికన్నా తక్కువకు పడిపోతుంది. మలుపులు రెండుకు మించకుండా చూసి, బయటి వైపుకు కొద్దిగా వాలు ఇవ్వాలి. బయట వెనక్కి గాలి రాని రెక్క ఉన్న మూత పెట్టండి.

అటక మీద మిగిలే 15 అంగుళాల సంగతి ఇప్పుడే తేల్చుకోండి. తెరిచి వదిలేస్తే మూడు నెలల్లో నూనె, దుమ్ము కలిసి తారులా అంటుకుంటుంది, నిచ్చెన వేసి గీకాలి. నేనైతే దాన్ని మూసేయమంటాను: పాత లామినేట్ దొరికితే అదే రంగులో కదలని పలక, లేదా మరో వరస తలుపులు. ప్లై 18 మి.మీ., ఐఎస్ 710 (నీళ్లకు తట్టుకునే మెరైన్) రకం. కొలతలు మాత్రం స్లాబుకు లప్పం అయ్యాకే తీసుకోవాలి. స్లాబు ఒక మూలకూ ఇంకో మూలకూ అర అంగుళం తేడా ఉండటం మామూలే, ముందే కోసి తెస్తే పైన సందు వంకరగా మిగులుతుంది.

హూడి_ఫ్లాటు

అర్థమైందండీ, రెండడుగుల పెట్టె వదిలేస్తాను. చివరిగా పచ్చి కాంక్రీటు మీద నేరుగా లప్పం, రంగు వేయొచ్చా? ఎంత సరుకు కావాలి?

సైటు_ఇంజనీరు

ముందు స్లాబు మీద చేత్తో నీళ్లు చిమ్మండి. తాగేస్తే మంచిది. తామరాకు మీదలా బొట్లుగా నిలిచి జారిపోతే సెంట్రింగ్ నూనె ఇంకా ఉంది, దాని మీద ఏదీ పట్టదు. డిటర్జెంటు వేసిన వేడినీళ్లతో బ్రష్ కొట్టి కడిగించి, ఆరాక మళ్లీ చిమ్మి చూడండి. గొట్టం లీకై పొగ మరకలున్నచోట కూడా ఇదే పని.

తరవాత సెంట్రింగ్ గీతల దగ్గర పొడుచుకొచ్చిన కాంక్రీటును గ్రైండరుతో తీసేయాలి. నేరుగా లప్పం వేస్తే ఆ గీతలన్నీ లైటు వెలుగులో కనబడతాయి. లప్పం ఒక పూతకు 1.5 మి.మీ. మించితే పగులుతుంది కాబట్టి దానితో ఎగుడుదిగుళ్లు సరిచేయలేం. ప్లాస్టరు పట్టుకునేలా చేసే బాండింగ్ ఏజెంటు రోలరుతో పూసి, 6 నుంచి 8 మి.మీ. జిప్సం ప్లాస్టర్ వేయించండి. సిమెంటు ప్లాస్టరైతే వారం రోజులు పైకప్పుకు నీళ్లు కొట్టాలి, వాడుకలో ఉన్న వంటింట్లో అది కుదిరే పని కాదు. మురుగు పైపు దగ్గర మాత్రం జిప్సం వద్దు, అక్కడ సిమెంటే వేయించండి.

పెట్టె పోగా స్లాబు 70 చదరపు అడుగులు, బయటికి కనబడే గోడ 30 దాకా. 25 కిలోల జిప్సం ప్లాస్టర్ బస్తా 8 మి.మీ. మందంలో సుమారు 30 చదరపు అడుగులకు, గోడ మీద 12 మి.మీ. అయితే 20కి వస్తుంది. నాలుగైదు బస్తాలు తెప్పించండి. లప్పం రెండు పూతలకు 10 కిలోలు చాలు. ప్లాస్టరు ముదురు రంగు పోయి అంతటా ఒకేలా తెల్లబడేదాకా ప్రైమరు వేయొద్దు. ఎండాకాలం నాలుగైదు రోజులు, వానల్లో వారం దాటొచ్చు. పాత మరక ఉన్నచోట ఆయిల్ ప్రైమరు వేయాలి, నీటి ప్రైమరు అయితే మరక పైకి వచ్చేస్తుంది. రంగు కడగడానికి వీలైన మ్యాట్ ఎమల్షన్. మెరుపు రకం వేస్తే స్లాబు వంపులన్నీ తేలతాయి.

దిగే బోర్డును సిమెంటు బస్తాల్లో, ఒక్కోదాంట్లో పాతిక కిలోలకు మించకుండా నింపండి, మోసేవాళ్లకు అదే సాధ్యం. ఇటుక, కాంక్రీటు ముక్కల్లో బోర్డు కలపనివ్వకండి, ఆ శిథిలాలు మళ్లీ నింపుడుకు వాడితే జిప్సంలోని సల్ఫేటు కాంక్రీటును తింటుంది. జీ.ఐ. ఫ్రేము విడిగా కట్టించండి, పాత ఇనుము కొనేవాడు తీసుకుంటాడు. బస్తాలు సర్వీసు లిఫ్టులో దించడానికి అసోసియేషన్ ఏ గంటలు ఇస్తుందో ముందే కనుక్కోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు లిఫ్టు ఇవ్వకపోతే బోర్డంతా హాల్లోనే పడుంటుంది.